వెనక్కి దారి పెట్టుకోని సారు

సారు పోయారని ఆయన అక్క కూతురు నర్సంపేట నుంచి ఫోన్ చేసింది. నేనప్పుడు వేరే వాళ్ళ ఇంట్లో పప్పుకు పోపు పెడుతున్నాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అట్లనే నిలబడిపోయాను. ఎల్లిగడ్డ మాడి నల్లగా అయింది. ఆ ఇంటామె వచ్చి అరిచేదాకా నాకు సోయి లేదు.

"అక్కా, పదకొండో రోజుకు మామ మీద చిన్న పుస్తకం అచ్చేపిస్తానం. నువ్వు రెండు పేజీలు రాసియ్యాలె" అన్నదామె.

"నేను రాసుడేందమ్మా, నేను చదివిందే ఐదు."

"ఆరేండ్లు ఆయనతోటి లడాయి చేసింది నువ్వే గదా. ఇంకెవలు రాస్తరు?" అన్నది. ఏడుస్తూనే నవ్వింది.

అందుకే రాస్తున్నాను. తప్పులుంటే అచ్చేసేవాళ్ళు దిద్దుకోవాలి. సారు ఎక్కడ పుట్టారో, ఎంతవరకు చదివారో, పెళ్ళి ఎందుకు చేసుకోలేదో నాకు తెలియదు. అవి చుట్టాలు రాసుకుంటారు. నాకు తెలిసింది పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఉండే సారు మాత్రమే.

హనుమకొండలో ఒక పాత అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు ఆయన ఇల్లు. లిఫ్టు లేదు. కింద నుంచి పైదాకా యాభై నాలుగు మెట్లు. నేను వంటకు కుదిరేనాటికే ఆయనకు తుంటి విరిగి ఏడాది దాటింది. ఇంట్లో వాకర్ పట్టుకుని నడిచేవారు. గుమ్మం మాత్రం దాటేవారు కాదు. కూరగాయలు, మందులు, పేపరు అన్నీ బాల్కనీ నుంచి తాడుతో బుట్ట దింపి పైకి లాక్కునేవారు. బుట్ట దింపే ముందు ఒకసారి కిందికి తొంగి చూసి, ఎవరైనా తలెత్తి చూస్తుంటే వెనక్కి జరిగేవారు. వాళ్ళు పోయాకే తాడు వదిలేవారు.

హాల్లో భోజనాల బల్ల ఉండేది గానీ దాని మీద పళ్ళెం పెట్టడానికి చోటు లేదు. క్యాలెండర్లంత అట్టలు నాలుగు పక్కపక్కన పేర్చి ఉండేవి. వాటి మీద తేనెతుట్టెలాగా గళ్ళు, ఆ గళ్ళ కింద గుట్టలు, ఒక వాగు, దాని మీద వంతెన, పత్తి చేన్లు. సారు కాలువల ఆఫీసులో నేల కొలిచి మ్యాపులు గీసే పని చేశారట. ఉద్యోగంలో చేరిన కొత్తలో నర్సంపేట దగ్గర తాను కొలిచిన భూమినే అట్టల మీద గీసుకున్నారు. ఆ భూమి కోసం ఇంగ్లండు వాళ్ళు, ఫ్రాన్సు వాళ్ళు కొట్టుకునేవారు. నెపోలియన్ కాలం యుద్ధాలట, రెండు వందల ఏళ్ళ కిందివి. ఎక్కడో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఇంగ్లీషు పుస్తకం చూసి ఆట నియమాలన్నీ తెలుగులో ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు.

సైనికులు అట్టముక్కలే. ఎరుపు ఇంగ్లండు, నీలం ఫ్రాన్సు. నిండుగా రంగు వేసినవి నడిచేవాళ్ళు, మధ్యలో గీత ఉన్నవి గుర్రాల వాళ్ళు. ఫిరంగులు మాత్రం లవంగాలు. అసలు ఫిరంగి ముక్కలు ఎవరో ఊడ్చినప్పుడు పోయాయట. నేనే డబ్బాలోంచి ఎనిమిది లవంగాలు తీసిచ్చాను. ఎవరు పడ్డారో, ఎవరు నిలిచారో తేల్చడానికి ఒక పాచిక ఉండేది. ఆయన ఒక లవంగం పట్టుకుని కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"అచ్చం తోపోలె ఉన్నదిర బై! పేలకున్నా మంచిదే, వాసనన్న వస్తాంది."

నేను ఆటలోకి దిగింది పొరపాటున. కుదిరిన మొదటి వారం బల్ల తుడుస్తూ ఒక నీలం గుర్రాన్ని జరిపేశాను. అది ఎక్కడిదో గుర్తు రాక వాగు పక్కన ఖాళీ గడిలో పెట్టి వెళ్ళిపోయాను. అప్పటిదాకా సారు ఒక్కరే రెండు వైపులా ఆడుకునేవారు. అటు కూర్చుని ఒక ఎత్తు, వాకర్ పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఇటు కూర్చుని ఒక ఎత్తు. మర్నాడు నేను పోయేసరికి బల్ల ముందు కూర్చుని ఉన్నారు. పొద్దున చాయ్ కూడా తాగలేదు.

"ఈ గుర్రాలను ఇక్కడ ఎవలు పెట్టిండ్లు?"

"తుడిచేటప్పుడు జరిగింది సారూ. తప్పయింది."

"నా ఎడమ పక్క ఖాళీ ఉన్నట్టు నీకెట్ల తెలిసింది?"

"నాకేం తెల్వది సారూ. జర జాగ కనవడితె పెట్టిన."

ఆయన ఆ గడి మీద వేలు పెట్టి అన్నారు, "నెల రోజుల సంది చూస్తాన. ఆ జాగ నాకు కండ్లవడలే. రేపటి నుంచి నువ్వు ఫ్రాన్సు."

"పొయ్యి మీద కూర ఉంటది సారూ, నాకేడ తీరుతది?"

"కుక్కర్ పెట్టినంక ఖాళీయే గదా."

అట్లా ఒక విజిలుకు ఒక ఎత్తు అని నియమం పెట్టుకున్నాం. ఒక విజిలు నాది, ఒక విజిలు ఆయనది. నేను టకటకా జరిపేసేదాన్ని. ఆయన మాత్రం ముక్క మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చెవి తమ్మె లాక్కుంటూ ఆలోచించేవారు. కుక్కర్ బుసకొట్టడం మొదలుపెట్టగానే కంగారు.

"మంట జర తగ్గించు."

"అది మోసం సారూ."

"నేను తుంటిరిగినోన్ని."

"తుంటికి, విజిలుకు ఏం సంబంధం?"

ఆ ఇంట్లో పప్పు ఒక రోజు ఉడికేది కాదు, ఒక రోజు గంజిలాగా అయ్యేది. సారు ఏదైనా తినేవారు. ఓడిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తినేవారు.

ఎప్పుడూ ఎరుపే ఆయనది. ఎప్పుడూ కాపాడుకునే ఆటే. ఒక్కరోజు కూడా ఎదురు వచ్చేవారు కాదు. నేను రావాలి, ఆయన ఆపాలి. గుట్ట ఉంటే దాని నెత్తి మీద ఒక్కరిని కూడా పెట్టరు, అవతల వాలులో పడుకోబెడతారు.

"గుట్ట మీద నిలవడితె ప్రతోనికి కనవడుతవ్. అవతల పండుకుంటే నీ జాడ నీకు తప్ప ఎవనికి తెల్వది" అనేవారు.

మొదటి నెలంతా నేను గుట్ట ఎక్కడం, అవతలి నుంచి ఎర్రవాళ్ళు లేచి నిలబడడం, నా నీలం వాళ్ళు దొర్లుకుంటూ రావడం ఇదే పని. గుట్ట ముందు ఒక కోళ్ళ ఫారం ఉండేది. పుస్తకంలో అది రాతి గోడల ఇల్లట. ముందుగా ఒక గట్టి ఇంట్లో కొందరిని కూర్చోబెడితే వచ్చేవాళ్ళందరూ దాని మీదనే పడి అలిసిపోతారట. నర్సంపేట దగ్గర అట్లాంటి ఇల్లు కొలిచినట్టు ఆయనకు గుర్తు లేదు గనక కోళ్ళ ఫారం పెట్టుకున్నారు.

"మరి కోళ్ళేడ పోయినయి సారూ?"

"ఇంగ్లండోళ్ళు తిన్నరు. నీ ఎత్తు చూసుకో."

చనిపోయిన ముక్కలను ఆయన డబ్బాలో పడేసేవారు కాదు. చాయ్ సాసరులో బోర్లా పెట్టి, "పండుకోండి" అనేవారు. నావైనా, ఆయనవైనా. అంగీ జేబులో ఎప్పుడూ రెండు ఎర్రముక్కలు ఉండేవి. ఆఖరుకు దింపే బలగం అవి. ఆరేళ్ళలో వాటిని దింపగా నేను చూసింది మూడుసార్లో నాలుగుసార్లో. ఆట మొత్తం చేజారిపోతున్నా జేబు తట్టుకునేవారే గానీ తీసేవారు కాదు. "ఇంక టైం కాలె" అనేవారు. ఒకసారి ఆ అంగీ ఉతుకుడుకు వేస్తే రెండు ముక్కలూ నాని ఉబ్బిపోయాయి. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన వాటిని బాల్కనీలో ఎండబెట్టి, తర్వాత బరువైన పుస్తకం కింద పెట్టారు.

చతురస్రం కట్టడం ఆయనకు బాగా ఇష్టం. గుర్రాలు మీదికి వస్తే నడిచేవాళ్ళు నాలుగు వైపులా తిరిగి, తుపాకీ కత్తులు బయటికి పెట్టి గట్టిగా నిలబడతారు. నాలుగు వేళ్ళు దగ్గరికి ముడిచి నాకు చూపించారు.

"గుర్రాన్ని ఎంతన్న తోలు, కత్తుల గోడ మీదికి రాదు. నాలుగు దిక్కుల ముఖమే, వీపే లేదు. ఇగ ఎట్ల కొడుతవ్?"

నేను ఇంటికి పోయి ఆలోచించాను. మా వాడలో నల్లా దగ్గర కూడా అంతే. నలుగురు ఆడవాళ్ళు బిందెలతో గుండ్రంగా నిలబడితే మధ్యలో ఎవరూ దూరలేరు. ఒకసారి ఒక ముసలామె వాళ్ళతో పోట్లాడలేక, మెల్లగా పోయి ట్యాంకు దగ్గర వాల్వు తిప్పేసి వచ్చింది. నల్లా చుట్టూ అందరూ ఖాళీ బిందెలు పట్టుకుని అట్లనే నిలబడ్డారు. మర్నాడు నేను గుర్రాలను కదిలించలేదు. అవి ఎదురుగా ఉంటే సారు చతురస్రం విప్పలేరు. దూరం నుంచి మూడు లవంగాలు తెచ్చి వరసగా పెట్టాను. ఒక్కచోట ముద్దగా నిలబడ్డ ఎర్రవాళ్ళు వరసకు వరస సాసరులోకి పోయారు.

సారు చెవి తమ్మె లాక్కోవడం కూడా మర్చిపోయారు.

"ఎవలు చెప్పిండ్లు నీకిది?"

"మా నల్లా కాడ నేర్చుకున్న సారూ."

ఆ రోజు కుక్కర్ ఆరు విజిళ్ళు వేసింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

ఒక్కటి మాత్రం నాకు మొదటి నుంచీ మింగుడుపడేది కాదు. ఎర్రవాళ్ళ వెనక వాగు ఉండేది, వాగు మీద వంతెన. ఆట మొదలుపెట్టే ముందు సారు ఆ వంతెన మీద ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టేవారు. వంతెన కూలిపోయిందని అర్థం. కూల్చేది శత్రువు కాదు, ఆయనే.

"మీ దారి మీరే ఎందుకు మూసుకుంటరు సారూ?"

"వెనక దారి ఉన్నదనుకో, ముందటోడు గట్టిగ దొబ్బంగనె కాళ్ళు అటే పోతయి. దారి లేకుంటే నిలవడుతరు."

"ఓడిపోతే మనుషులన్న దక్కుతరు గదా?"

"తగ్గుడంటే ఉరుకుడు కాదమ్మా. సగం మంది నిలవడి కొడుతాంటే సగం మంది తగ్గాలె. మళ్ళ వాళ్ళు నిలవడాలె, వీళ్ళు తగ్గాలె. ముఖం శత్రువు దిక్కే ఉండాలె. అన్నిటికన్న కష్టం అదే. పుస్తకంల ఉన్నది గని నేనెన్నడు ఆడలే" అన్నారు. అని సాసరు వైపు చూశారు.

పోయిన వానకాలంలో ఆ బిల్డింగు కింద పిల్లర్లు పగిలాయి. ఎవరో వచ్చి చూసి, ఉండరాదని గోడకు కాగితం అంటించి పోయారు. నెలాఖరు వరకే గడువు. ఒక్కొక్కరే సామాను దింపుకుని వెళ్ళిపోయారు. రోజూ నేను మెట్లు ఎక్కుతుంటే ఒక్కో తలుపుకు తాళం పెరిగేది. ఆఖరుకు మూడో అంతస్తులో సారు, కింద కిరాణం సేటు మిగిలారు. బిల్డింగు లెక్కాజమా చూసుకునేది ఆ సేటే కాబట్టి సారును దింపే బాధ్యత ఆయన మీద పడింది. నర్సంపేట నుంచి అక్క కూతురు రోజూ ఫోన్ చేసి రమ్మని బతిమాలేది. వాళ్ళది కింది ఇల్లే, మెట్లు లేవు. సారు ఫోన్ ఎత్తి "చూద్దాం" అని పెట్టేసేవారు.

సేటు పైకి వచ్చి తలుపు గొలుసు సందులోంచి మాట్లాడేవాడు.

"సారూ, పెచ్చులూడుతానయి. మీదికెల్లి పడితె ఏం గాను? మీ పానం మీద మీకు ఫికర్ లేకున్నా నా మెడకు చుట్టుకుంటది."

"నేను కొలిచిన సేటూ. ఇంకొన్నొద్దులు నిలుస్తది."

"దేంతోటి కొలిచిండ్లు, ఇంట్ల కూసోని?"

సారు తలుపు మూసేశారు. సేటు నలుగురు హమాలీలను, చేతుల కుర్చీని తీసుకుని మళ్ళీ వచ్చాడు. వాళ్ళ అడుగుల చప్పుడు వినగానే సారు లోపలి గడియ కూడా వేసేశారు. నేను లోపలే ఉన్నాను. "అమ్మా, తియ్యకు. నీకు దండం పెడుత, తియ్యకు" అన్నారు. అట్లాంటి మాట ఆయన నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు. హమాలీలు కాసేపు కొట్టి వెళ్ళిపోయారు.

తర్వాత కరెంటు పోయింది. మోటారు ఆగింది. నేను కింది నుంచి సీసాలలో నీళ్ళు మోసుకుపోయేదాన్ని. మెట్ల పక్క గోడలో పగులు నా చిటికెన వేలు పట్టేంత ఉండేది. రోజూ వేలు పెట్టి చూసేదాన్ని, పెరిగిందేమోనని. మా ఆయన ఆటో నడుపుతాడు. ఇంట్లో రోజూ గొడవే.

"నువ్వు మళ్ళ అటు పోతే నేనూరుకోను. నీ మీద కూలితె పిల్లలనెవలు చూడాలె?"

"నేను పోకుంటే ఆయనకు బువ్వెవలు పెట్టాలె?"

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా నేను సారుతో గట్టిగా మాట్లాడాను.

"సేటు వచ్చుడు, హమాలీలు వచ్చుడు, అవి గుర్రాలు సారూ. మీరు చతురస్రం కట్టిండ్లు, ఆపిండ్లు. ఇప్పుడు కరెంటు బంద్, నీళ్ళు బంద్. ఇవి ఫిరంగులు. ఇగ ఇట్లనే నిలవడితె ఏమైతదో మీకు నేను చెప్పాల్నా?"

సారు బల్ల వైపు చూస్తూ చెప్పారు. తుంటి విరిగింది మెట్ల మీద. రెండో అంతస్తుకు, మొదటి అంతస్తుకు మధ్య మలుపు దగ్గర జారారు. బిల్డింగులో అందరూ ఏదో పెళ్ళికి పోయి ఉన్నారు. పొద్దున పది గంటల నుంచి అక్కడే పడి ఉన్నారు. అరిచి అరిచి గొంతు పోయింది. మధ్యాహ్నం అందరూ పట్టుచీరలతో, పూలతో తిరిగి వచ్చేసరికి ఆయన లుంగీలోనే తడిసిపోయి ఉన్నారు. నలుగురు కుర్చీలో ఎత్తి దింపారు. లుంగీ జారింది. చేతులు రెండూ కుర్చీ పట్టుకుని ఉన్నాయి, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆడవాళ్ళు ముఖం తిప్పుకున్నారట. దవాఖాన నుంచి ఇంటికి వచ్చినప్పుడు కూడా అట్లనే మోశారు.

"అందరు మంచోళ్ళే. ఎవలు నవ్వలే" అన్నారు సారు. "నవ్వినా బాగుండేది. నేను ఇల్లిడిశిపెట్టనంటలేనమ్మా. నన్ను మళ్ళ మోసుడు వద్దు."

అప్పుడు తెలిసింది నాకు. ఆయన కాపాడుకుంటున్నది ఇల్లు కాదు.

"మరి కూసోని దిగుదాం సారూ, ఒక్కొక్క మెట్టు" అన్నాను.

"చిన్నపోరని లెక్కనా? నాకు చాతగాదు. పో" అని కసిరారు.

మర్నాడు మా ఆయనను ఆటోతో ఒక సందు అవతల ఉండమని చెప్పి నేను పైకి పోయాను. ఫ్యాను లేక ఇల్లంతా ఉడికిపోతోంది. మెట్ల దగ్గర గాలి వస్తోంది, అక్కడ ఆడుదాం అన్నాను. దానికి ఒప్పుకున్నారు. గుమ్మం బయట కింద కూర్చోబెట్టాను. నాలుగు అట్టల్లో వాగు, వంతెన ఉన్న ఒక్క అట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టుకుని రెండు మెట్ల కింద, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. వంతెన మీది అగ్గిపుల్ల తీసి పడేశాను.

"ఇయ్యాల ఎరుపు నాది. నీలం మీది."

"నేను ఎదురు రాను. నాకు రాదు."

"నాకూ రాకుంటనే నేర్చుకున్న గదా."

సణుక్కుంటూ ఒక గుర్రాన్ని జరిపారు. నేను ఎర్రవాళ్ళలో సగం మందిని వంతెన వైపు ఒక గడి వెనక్కి తీశాను. సగం మందిని అక్కడే ఉంచాను. అట్ట పట్టుకుని నేనూ ఒక మెట్టు కిందికి జరిగాను. ఆయన చెయ్యి చాపారు. అందలేదు. అట్టను చూశారు, నన్ను చూశారు. గోడ పట్టుకుని, మంచి కాలు ముందు పెట్టి, ఒక మెట్టు మీదికి జారి కూర్చున్నారు. ముక్క జరిపారు. నేను మిగతా సగాన్ని వెనక్కి తీసి మళ్ళీ ఒక మెట్టు దిగాను.

రెండో మెట్టు మీదనే ఆయనకు అర్థమైంది.

"ఇది మోసం."

"మోసం కాదు సారూ, తగ్గుడు. సగం నిలవడి సగం తగ్గుడు. ముఖం మీ దిక్కే ఉన్నది చూడుండ్లి. మీరెన్నడు ఆడలే గనుక మీకు కొత్త."

ఆయన నన్ను తిట్టారు. పుస్తకంలో రాయకూడని మాటే తిట్టారు. తిట్టి పాచిక వేశారు. అది ఎగిరి మెట్ల మీద దొర్లుకుంటూ రెండో అంతస్తు దాకా పోయింది. నేను ఉరికి చూశాను.

"నాలుగు పడ్డది!"

"నేను చూడలే. మళ్ళ వెయ్యాలె."

"నాలుగే సారూ, మీకు లాభమే గదా!"

"లాభమని చెప్తానవంటేనే డౌటు."

అట్లా ఇరవై ఏడు మెట్లు దిగాం. ఎంతసేపు పట్టిందో తెలియదు. నా ఎర్రవాళ్ళు వంతెన దాటిపోతే, మళ్ళీ మొదటి నుంచి పేర్చి ఇంకో ఆట పెట్టాను. ఆయన అంగీ వీపంతా తడిసింది. తర్వాత ఆ మలుపు వచ్చింది.

అక్కడ ఆగిపోయారు. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. నేను ఎత్తు వేశాను, కిందికి జరిగాను, పిలిచాను. పలకలేదు. నీళ్ళ సీసా ఇస్తే తాగలేదు. గోడలోంచి సన్నగా మట్టి రాలుతోంది. వెనక్కి ఎక్కించడం నా వల్ల కాదు. దింపడమూ కావడం లేదు. అంత మెట్ల మీద మేమిద్దరమే. నాకు ఏడుపు వచ్చింది. నేను అనకూడని మాట అన్నాను.

"సారూ, నాకు పిల్లలున్నరు."

ఆయన కళ్ళు తెరిచారు. అప్పుడే కింద సేటు గొంతు వినిపించింది.

"ఏమైందమ్మా? సారు పడ్డడా? కదలకుండ్లి, మనుషులను పిలుస్తాన!" చెప్పుల చప్పుడు పైకి వస్తోంది.

"సేటూ! ఆడ్నే ఆగు!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఇంకొక్క మెట్టెక్కినవంటే బాగుండది, చెప్తాన!"

"అరే, నేను సాయం చేద్దామని..."

"నీ సాయం నీ దుకాండ్ల పెట్టుకో! ఎవలిని పిలువకు! అటు తిరిగి నిలవడు!"

చెప్పుల చప్పుడు ఆగింది. వెనక నుంచి సారు చెయ్యి నా భుజం మీద పడింది.

"అట్ట తియ్యి. దారికి అడ్డమున్నది" అన్నారు.

నేను గోడకు జరిగాను. ఆయన నన్ను దాటుకుని దిగారు. ఎత్తు లేదు, పాచిక లేదు. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి మెట్టు మీద. ప్రతి మెట్టుకూ పళ్ళ సందులోంచి ఒక చప్పుడు. కిందికి వస్తున్నకొద్దీ సేటు వీపు కనిపించింది. పాపం, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు, బడిలో శిక్ష పడ్డట్టు. ఆఖరి మెట్టు మీద సారు కూర్చుని లుంగీ సర్దుకున్నారు. దుమ్ము దులుపుకున్నారు. అప్పుడు పిలిచారు.

"సేటూ, ఇగ తిరుగు."

సేటు తిరిగి నోరు తెరిచాడు. "ఎవలు దింపిండ్లు సారూ మిమ్ముల?"

"నన్నెవలు దింపుతరు? దిగిన."

సేటు వాకర్ తేవడానికి పైకి పోయాడు. నేను ఫోన్ చేస్తే మా ఆయన ఆటో తెచ్చి గేటు ముందు ఆపాడు. సారు ఆ మెట్టు మీద కూర్చునే వెనక్కి మెడ తిప్పి, మెట్ల సందులోంచి పైకి చూశారు. మూడో అంతస్తు అక్కడ నుంచి కనపడదు.

"ఇగ ఎక్కలేను గదా?" అన్నారు.

ఆ మాట సేటును అడగలేదు. నన్నే అడిగారు. ఏదో ఒకటి చెప్పవచ్చు. మిగతా అట్టలు తెచ్చుకోవడానికి ఒకసారి వద్దాం సారూ అనవచ్చు. ఆరేళ్ళు ఎదురుగా కూర్చుని ఆడినాక ఆయనకు అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"ఎక్కలేరు సారూ."

తల ఊపారు. వాకర్ వచ్చాక లేచి, గేటు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచారు. ఆటోలో కూర్చుని అట్ట ఇవ్వమని చెయ్యి చాపారు. ముక్కలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఒళ్ళో పెట్టుకున్నారు. అక్క కూతురి ఇంటికి పోయే నర్సంపేట రోడ్డు ఎక్కేదాకా నేను పక్కనే ఉన్నాను. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా రెండు అరచేతులూ బోర్లించి, ఎర్రవాళ్ళనూ నీలంవాళ్ళనూ కలిపి కప్పి పట్టుకున్నారు.